పిల్లల సంఖ్య బడికి మార్కు కాదు

అనంతపురం పీఠభూమిలో సర్కారు ప్రాథమిక పాఠశాల మంచిదా కాదా అని తేల్చేటప్పుడు అందరూ మొదట చూసేది హాజరు పట్టీలో పేర్లెన్ని అని. మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసు సమీక్షలోనైనా, రచ్చకట్ట మీదైనా, పత్రిక జిల్లా పేజీలోనైనా ఇదే లెక్క. వందమంది ఉంటే మంచి బడి, పద్నాలుగు మంది ఉంటే చెడిపోయిన బడి. ‘బడి బాగుంటే పిల్లలు ఎందుకు తగ్గుతారు?’ అని ఒక్క మాట అడిగేస్తే వాదం ముగిసిపోయినట్టే. దీని పక్కన మరో మూడు కొలతలు చలామణిలో ఉన్నాయి: ఇంగ్లీషు మీడియం, రంగులు వేసిన గోడలు, నవోదయ సీట్లు. ఈ నాలుగింటిలో ఏదీ తరగతి గదిలో జరిగే చదువును పట్టుకోదు. మొదటిది మరీ ప్రమాదం. బడిని కొలుస్తున్నామనుకుంటూ దాన్ని పాడుచేసే కొలత అది.

పిల్లలు ఎందుకు తగ్గుతున్నారో ముందు చూడాలి. మొదటి కారణం కాన్పులు తగ్గడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ సంతాన సాఫల్య రేటు 1.7. తల్లీతండ్రీ ఇద్దరుంటే వాళ్ల వెనక ఇద్దరు పిల్లలు కూడా లేరన్నమాట. వంద ఇళ్ల పల్లెలో ఏటా ఒకటో తరగతి వయసుకొచ్చే పిల్లలు ఐదారుగురికి మించరు. అందరూ ఊరిబడిలోనే చేరినా అయిదు తరగతులకు కలిపి ముప్పై మంది దాటరు. టీచరు ఎంత సమర్థుడైనా పుట్టని పిల్లల్ని చేర్చుకోలేడు.

రెండో కారణం వాన. ఈ ప్రాంతంలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల చిల్లర. నైరుతి మేఘాలకు పడమటి కనుమలు అడ్డం, ఈశాన్య మేఘాలకు తీరం దూరం. ముంగారులో విత్తిన శెనక్కాయ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే ఆ ఏడు పెట్టుబడి మట్టిపాలు. పంట పని తేలిపోయాక ఇళ్లకు తాళాలు పడతాయి. బెంగళూరులో కట్టడం పనులకు పోయే కుటుంబాల్లో కొన్ని పిల్లల్ని వెంట తీసుకుపోతాయి, కొన్ని అవ్వాతాతల దగ్గర వదిలిపెడతాయి. ఉగాది ముందో వెనకో తిరిగొస్తారు. బడుల వివరాలు నమోదు చేసే యూడైస్ లెక్కకు చాలాకాలం సెప్టెంబరు 30 ప్రామాణిక తేదీగా ఉంది. అప్పటికి చేలో పంట ఇంకా ఉంటుంది, ఊళ్లో మనుషులూ ఉంటారు. జనవరిలో ఎంతమంది మిగిలారు, మార్చిలో తిరిగొచ్చిన పిల్లకు పోయిన మూడు నెలల పాఠాలు ఎవరు చెప్పారు అన్నవి ఆ లెక్కకు అందవు. కరువు నేలలో బడి సత్తా తేలేది సరిగ్గా ఆ నెలల్లోనే.

మూడో కారణం కాన్వెంటు వ్యాను. కాన్వెంటు పిల్లవాణ్ని మూడేళ్లకే ఎల్కేజీలో చేర్చుకుంటుంది. సర్కారు బడి తలుపు తెరుచుకునేది అయిదేళ్లు నిండాక. ఆ రెండేళ్లు అంగన్‌వాడీ వంతు. పొద్దున్నే కూలికి పోయే తల్లికి ఇంటి ముందుకే వచ్చి సాయంత్రం దాకా పిల్లవాణ్ని చూసుకునే వ్యాను పెద్ద ఆసరా. దానికి తోడు టై, బూట్లు, నోట ‘రెయిన్ రెయిన్ గో అవే’. (వాన కోసం కప్పలకు పెళ్లిళ్లు చేసే సీమలో పిల్లలకు మొదట నేర్పే పాట ఇది కావడం వేరే సంగతి.) ఒకసారి ఎల్కేజీలో చేరిన పిల్లవాడు ఒకటో తరగతికి ఊరిబడికి రావడం అరుదు. పోటీ మొదలయ్యేసరికే ఫలితం వచ్చేసింది. అలాంటప్పుడు తల్లిదండ్రులు రెండు బడుల బోధనను పోల్చి చూసి ఒకదాన్ని తిరస్కరించారని చెప్పడానికి వీల్లేదు.

అయినా ప్రైవేటు బడిలో చదువు బాగుంటుంది కాబట్టే జనం పోతున్నారనే వాదం గట్టిగానే వినిపిస్తుంది. దానికి అంకెలూ చూపిస్తారు. పిల్లల చదువు స్థాయిని పరీక్షించే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు సర్కారు బడుల్లో 23.4 శాతం, ప్రైవేటు బడుల్లో 35.5 శాతం. తేడా నిజమే. ఆ తేడాలో బడి వాటా ఎంత, ఇంటి వాటా ఎంత అన్నదే అసలు ప్రశ్న. ఫీజు కట్టగలిగిన ఇల్లు, చదువుకున్న తల్లి, సాయంత్రం ట్యూషన్, ఇవన్నీ ఆ 35.5లో కలిసి ఉన్నాయి.

ఈ రెంటినీ విడదీసి చూసిన పెద్ద ప్రయోగం తెలుగు నేల మీదే జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2008లో మొదలుపెట్టి, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అయిదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో, సర్కారు బడి పిల్లలకు లాటరీ తీసి ప్రైవేటు బడికి ఫీజు ఓచర్లు ఇచ్చారు. లాటరీ కాబట్టి ఓచరు తగిలిన ఇంటికీ తగలని ఇంటికీ మొత్తం మీద తేడా ఉండదు. తేలేదంతా బడి ప్రభావమే. రెండేళ్లకు, మళ్లీ నాలుగేళ్లకు పరీక్ష పెట్టారు. తెలుగులో, లెక్కల్లో ప్రైవేటు బడికి పోయిన పిల్లలూ సర్కారు బడిలో మిగిలిన పిల్లలూ సమానంగానే ఉన్నారు. ప్రైవేటు పిల్లలు స్పష్టంగా ముందున్నది హిందీలో. సర్కారు ప్రాథమిక బడిలో ఆ సబ్జెక్టే చెప్పరు. 2015లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్ ఈ ఫలితాలను ప్రచురించింది.

ఆ అధ్యయనాన్ని సర్కారు బడి అభిమానులు సగమే చదువుతారు. మిగతా సగం వాళ్లకు రుచించదు. ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం కేటాయించి, పిల్లవాడి మీద సర్కారు పెట్టే ఖర్చులో మూడో వంతు కూడా పెట్టకుండానే ఆ సమానత్వం సాధించాయి. అక్కడి టీచర్ల జీతాలు బాగా తక్కువ కావడం ఇందుకు పెద్ద కారణం. ఆ జీతాలు ఆదర్శమని ఎవరూ అనరాదు గానీ, అంత ఖర్చు పెట్టే సర్కారు బడి సమానంగా నిలిస్తే చాలదన్న విమర్శ న్యాయమైనదే. ఏమైనా ‘ప్రైవేటుకు పోయారు కాబట్టి సర్కారు బడిలో చదువు లేదు’ అన్న తీర్మానం మాత్రం ఈ ప్రయోగం ముందు నిలవదు.

చిన్న బడి అంటే చెడ్డ బడి అన్న భావానికి చరిత్ర ఆధారం కూడా లేదు. మద్రాసు గవర్నరుగా థామస్ మన్రో 1822లో ప్రెసిడెన్సీ అంతటా బడుల లెక్క తీయించాడు. అనంతపురం అప్పుడు బళ్లారి జిల్లాలో భాగం. వేరు జిల్లా అయింది 1882లో. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదికలో జిల్లాకు 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారు. బడికి సగటున పన్నెండు మంది. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. ముందు నేర్చినవాడు వెనకున్నవాడికి చెప్పే పద్ధతిని, ఇసుకలో వేలితో దిద్దించే పొదుపును క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. అర్థం తెలియకుండా పద్యాలు వల్లె వేయించడాన్ని తప్పుపట్టాడు. బడులు తగ్గిపోవడానికి దేశం పేదబడటాన్ని కారణంగా చూపాడు. పన్నెండు మందే ఉన్నారన్నది ఆయన తప్పుల పట్టికలో ముఖ్యం కాలేదు. అక్కడ పిల్లలకు ఏం వస్తోందన్నదే చూశాడు. రెండు వందల ఏళ్ల తర్వాత సమీక్షా సమావేశాలు ఆ పాటి కూడా చూడటం లేదు.

సంఖ్యతో తూచడం వల్ల జరిగే నష్టం ఇంకా ఉంది. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం అరవై మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలి. పదిహేను మంది ఉన్నా ఇద్దరే. హేతుబద్ధీకరణ పేరుతో వచ్చే ఉత్తర్వులు ఈ నియమాన్ని పక్కనపెట్టి, పిల్లలు తక్కువగా ఉన్న బడిని ఒక్క టీచరుకు వదిలేస్తాయి. ఆ ఒక్కరు సెలవు పెడితే బడికి తాళం, లేదా పక్క ఊరి నుంచి డిప్యుటేషన్. ఒక్కరే అయిదు తరగతులు చూస్తుంటే ఊళ్లో కాస్త స్థోమత ఉన్నవాళ్లు పిల్లల్ని వ్యాను ఎక్కిస్తారు. సంఖ్య ఇంకా తగ్గుతుంది. తగ్గిందని చూపి 2022 జూన్ నాటి జీవో 117 లాంటి ఉత్తర్వు వచ్చి 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని హైస్కూలుకు తరలిస్తుంది. ఒకటి, రెండు తరగతులే మిగిలిన బడికి అక్కను పంపలేక చెల్లెల్ని కూడా మాన్పిస్తారు. 2025లో ఆ జీవోను ఉపసంహరించి కొత్త వర్గీకరణ తెచ్చారు. పిల్లలు ఎక్కువున్న మోడల్ ప్రైమరీ స్కూళ్లకు తరగతికొక టీచరు రావడం మంచి మార్పే. కానీ టీచర్లను పంచేది ఇప్పటికీ తలల లెక్క మీదే కాబట్టి, తాండాలోనూ వంక అవతలి పల్లెలోనూ ఉన్న చిన్న బడికి కష్టం తీరలేదు. సంఖ్యను చూసి వసతి తగ్గించడం, వసతి తగ్గాక సంఖ్య తగ్గిందనడం, ఆ తగ్గుదలను బడి నాణ్యతకు సాక్ష్యంగా చూపడం, మూడూ ఒకే చేతి పనులు.

ఇక ఇంగ్లీషు మీడియం. బోర్డు మీద ఇంగ్లీషు మీడియం అని రాసినంత మాత్రాన లోపల ఇంగ్లీషు రాదన్నది ఒప్పుకోవడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. అయినా బడిని ఎంచేటప్పుడు బోర్డునే చూస్తారు. ఈ పీఠభూమిలో భాష ముడి మరింత బిగుసు. మడకశిర, రాయదుర్గం వైపు ఇంట్లో కన్నడం, కదిరిలో చాలా వీధుల్లో ఉర్దూ. సుగాలి తాండాలో తల్లిని ‘యాడి’ అని పిలిచే పిల్లకు తెలుగే రెండో భాష. ఆ పిల్ల ఒకటో తరగతిలో తెలుగు వినడం నేర్చి, రెండో తరగతికి అక్షరాలు కూడబలుక్కుంటే, ఇంట్లో తెలుగే మాట్లాడే పట్నం పిల్ల చక్కగా చదవడం కన్నా అది పెద్ద ప్రయాణం. పక్కపక్కన పెట్టి మార్కులు వేస్తే తాండా బడి ఓడిపోతుంది. ఓడిపోయింది నిజానికి మార్కులు వేసే పద్ధతి.

భవనాల సంగతి త్వరగా తేల్చవచ్చు. 2019 నవంబరు 14న మొదలైన ‘మన బడి నాడు-నేడు’ తొలి విడతలో 15,715 బడులు బాగుపడ్డాయి. నీళ్ల కటకట ఉన్న ఊళ్లో కుళాయి ఉన్న మరుగుదొడ్డి చిన్న విషయం కాదు. ఆడపిల్ల బడి మానకుండా నిలబెట్టే వసతి అది. కానీ బెంచీ మీద కూర్చున్న పిల్లకు చదవడం వచ్చిందా లేదా అన్నది బెంచీ చెప్పదు.

నవోదయ సీట్ల కొలత మాత్రం చూడ్డానికి చదువునే కొలుస్తున్నట్టు ఉంటుంది కాబట్టి మరింత మోసం చేస్తుంది. లేపాక్షి నవోదయలోనో, కొడిగెనహళ్లి గురుకులంలోనో సీటు రావడం ఈ ప్రాంతంలో ఇంటిల్లిపాదికీ పండగ. ఫలానా బడి నుంచి ముగ్గురికి సీట్లొచ్చాయంటే దానికి మంచి పేరు. ఇలాంటి బడుల్లో అయిదో తరగతి గదిని గమనిస్తే ముందు వరసలో అయిదుగురు పాత ప్రశ్నపత్రాలు దిద్దుతుంటారు, వెనక వరసలో వాళ్లు ఎక్కాలు చూసి రాస్తుంటారు. ఏరి తెచ్చిన అయిదుగురికి ఇచ్చిన తర్ఫీదు బడి మొత్తానికి మార్కు అయింది. ప్రాథమిక పాఠశాల పని వెనక వరసకు చదవడం, రాయడం, లెక్క చేయడం నేర్పడం. సీట్ల లెక్కలో వెనక వరస పిల్లలకు చోటే లేదు.

మరి కొలవాల్సింది ఏమిటి? పిల్ల బడిలోకి ఎక్కడ అడుగుపెట్టింది, ఇప్పుడు ఎక్కడుంది, ఆ మధ్య బడి ఎన్ని రోజులు నిజంగా నడిచింది. ఇది తెలుసుకోవడానికి పెద్ద సామగ్రి అక్కర్లేదు, ఒక పూట చాలు. మూడో తరగతి పిల్లకు తెలుగు వాచకంలో ఇంకా చెప్పని పాఠం తీసి, బొమ్మను అరచేత్తో మూసి చదవమనాలి. చెప్పిన పాఠమైతే చాలామంది గడగడా అప్పజెబుతారు. అప్పుడు నోటిని కాక వేలిని చూడాలి. నోరు అయిదో వరసలో ఉండి వేలు మూడో వరసలో తిరుగుతుంటే అది చదవడం కాదు, కంఠతా. కొత్త పాఠంలో పిల్ల ఎక్కడ ఆగుతుందో గమనిస్తే టీచరు ఎక్కడి దాకా తెచ్చిందో తెలుస్తుంది. ఒత్తు దగ్గర ఆగే పిల్లకూ, గుణింతం దగ్గరే తడబడే పిల్లకూ మధ్య ఏడాది బోధన ఉంది.

లెక్కలకు ఒక్క తీసివేత చాలు. 52లోంచి 27 తీయమంటే 35 అని రాసే పిల్లలు ఏ బడిలోనైనా కనిపిస్తారు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలని మాత్రమే వాళ్లకు తెలుసు. రెండులోంచి ఏడు పోదని, పక్క నుంచి పది తెచ్చుకోవాలని ఎవరూ పుల్లలు పేర్చి చూపలేదు. తరగతిలో ఒకరు 35 రాస్తే అది ఆ పిల్ల తప్పు. సగం మంది రాస్తే బోధనలో తప్పు.

నోటుపుస్తకాలు ఇంకా సూటిగా మాట్లాడతాయి. పన్నెండు మంది పుస్తకాల్లో అదే ప్రశ్న, అదే జవాబు, అదే కామా, ముత్యాల్లాంటి దస్తూరి ఉంటే అవన్నీ నల్లబల్ల మీంచి దిగినవి. తనిఖీకి వచ్చినవారు సాధారణంగా వీటిని చూసే ‘వెరీ గుడ్’ రాసి పోతారు. ‘మా గొర్రి పిల్ల ఏసింది. నాయిన బెంగళూరు నించి రాలే’ అని వంకర అక్షరాలతో, తప్పొప్పులతో, తన మాట తాను రాసుకున్న పుస్తకం ఉన్న బడి అంతకన్నా ఎన్నో మెట్లు పైన ఉంది. ఆ తప్పుల కింద టీచరు ఎర్ర సిరాతో దిద్ది, మరుసటి పేజీలో పిల్ల మళ్లీ రాసి ఉంటే ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇలా కొలిచినదాన్ని శాతాలు చేసి మండలాల ర్యాంకులు ప్రకటించాలని ఎవరికో ఒకరికి వెంటనే ఆలోచన వస్తుంది. చిన్న బడుల దగ్గర అది పనికిరాదు. మూడో తరగతిలో ఎనిమిది మంది ఉంటే ఒక్కొక్కరు పన్నెండున్నర శాతం. బాగా చదివే ఇద్దరు బెంగళూరు పోతే బడి ర్యాంకు కుప్పకూలుతుంది, మరుసటి ఏడు వాళ్లొస్తే ఆకాశానికి ఎగురుతుంది. టీచరు మారలేదు, పాఠం మారలేదు. ఫలితాన్ని డబ్బుతోనో శిక్షతోనో ముడిపెడితే ఏమవుతుందో కూడా పాత అనుభవమే. ఇంగ్లండులో 1862 నుంచి ఇన్‌స్పెక్టరు పరీక్షలో ఎంతమంది పాసైతే అంత గ్రాంటు ఇచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా ఫలితాల గ్రాంటు నడిచింది. బడులు ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు కోసం పాఠాలు బట్టీ పెట్టించాయి. చివరికి ఇంగ్లండే ఆ పద్ధతిని వదిలేసింది.

ఇంకోవైపు నుంచి వచ్చే వాదాన్ని కూడా ఒప్పుకోలేం. కరువు జిల్లా, చదువురాని తల్లిదండ్రులు, వలసలు ఉన్నాయి కాబట్టి సర్కారు బడిని అసలు కొలవరాదని కొందరు ఉపాధ్యాయులు, వారి సంఘాలు అంటుంటాయి. అది బడికి రక్షణలా కనిపించే అవమానం. ఈ పిల్లలకు ఇంతకన్నా రాదని ముందే రాసిచ్చేయడం. ఎక్కడి నుంచి ఎక్కడికి అని కొలిచినప్పుడు ఇంటి పేదరికం మొదటి మెట్టులోనే లెక్కకు వచ్చేస్తుంది, రెండోసారి దాన్ని సాకుగా వాడే వీలుండదు. బడి నిజంగా నడిచిందా అన్నదీ కొలవాలి. 2003లో దేశమంతటా ముందు చెప్పకుండా బడులకు వెళ్లి చూసిన సర్వేలో ప్రతి నలుగురు సర్కారు టీచర్లలో ఒకరు బడిలో లేరు. ఇప్పుడు ముఖం చూపి హాజరు వేసే యాప్ వచ్చింది. అది మనిషి వచ్చాడని చెబుతుంది, పాఠం జరిగిందని చెప్పదు. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన నిర్దేశించింది. యాప్‌లో ఫొటోలు ఎక్కించడానికి, మధ్యాహ్న భోజనం లెక్కలకు, ఎంఈఓ ఆఫీసు సమావేశాలకు పోయిన గంటలు తీసేసి మిగిలినవెన్నో ఏ బడీ రాసి పెట్టుకోదు. రాసి పెట్టుకోమని అడిగే అధికారి కూడా లేడు. రాస్తే తప్పు ఎవరిదో బయటపడుతుంది మరి.

ఒక్క టీచరు అయిదు తరగతులకు ఎలా చెబుతారన్నదానికి జవాబు ఈ పీఠభూమి దక్షిణపు అంచునే ఉంది. మదనపల్లె దగ్గరి ఋషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడుపుతూ, పాఠ్యాంశాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టిన కార్డులు తయారుచేసింది. గోడకు నిచ్చెనలాంటి పటం ఉంటుంది. పిల్ల తాను ఏ మెట్టు మీద ఉందో చూసుకుని ఆ కార్డు తీసుకుంటుంది. ఒకరు టీచరు దగ్గర, ఒకరు తోటి పిల్లల దగ్గర, ఒకరు సొంతంగా. వలసకు పోయి మూడు నెలల తర్వాత వచ్చిన పిల్ల తరగతి ఎక్కడుందని చూడక్కర్లేదు, తాను వదిలిన మెట్టు నుంచి ఎక్కుతుంది. ఈ పద్ధతి తర్వాత తమిళనాడు సర్కారు బడులకూ పాకింది. చిన్న బడిని చిన్నదిగానే ఉంచి బాగా నడపవచ్చని ఇంతకన్నా వేరే రుజువు అవసరం లేదు. ఈ పద్ధతిలోనే కొలత కూడా ఇమిడి ఉంది: గోడ మీది పటం చూస్తే ఎవరు ఎక్కడున్నారో ఎవరికైనా తెలుస్తుంది.

కొలిచేది ఎవరన్న ప్రశ్నకు చట్టంలోనే జవాబుంది. పాఠశాల యాజమాన్య కమిటీలో ముప్పాతిక వంతు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. ఈ కమిటీ సమావేశాల్లో ఎక్కువగా నడిచేది గుడ్ల సరఫరా, ప్రహరీ గోడ, సంతకాలు. చదువురాని తల్లి చదువును ఎలా తనిఖీ చేస్తుందని అనుకోవడం కూడా పొరపాటే. పిల్లను చదవమని కూర్చోబెడితే ఆగి ఆగి చదువుతోందా, ధారగా చదువుతోందా అన్నది వినే చెవికి తెలుస్తుంది. దానికి అక్షరాలు రానక్కర్లేదు. బడి తెరిచిన జూన్‌లో ఒకసారి, సంక్రాంతి సెలవుల తర్వాత ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి ప్రతి పిల్లా ఎక్కడుందో ఒక పుస్తకంలో రాయాలి. వలస పోయిన తేదీ, తిరిగొచ్చిన తేదీ పక్కన ఉండాలి. ఆ పుస్తకం టీచరు బదిలీ అయినప్పుడు ఆయన సంచిలో పోకుండా బడి బీరువాలో మిగలాలి. బదిలీల కౌన్సెలింగ్ సాధారణంగా వేసవిలో జరుగుతుంది, జూన్‌లో వచ్చే కొత్త టీచరుకు ఇప్పుడు చేతికి అందేది పేర్లు, పుట్టినతేదీలు, ఆధార్ నంబర్లు ఉన్న అడ్మిషన్ రిజిస్టరు ఒక్కటే.